అనుకోకుండా వచ్చిన డబ్బుతో ఏ గన్ కొనాలి? అమెరికా తెలుగువాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో నా ఫోన్‌కి ఒకే ప్రశ్న వస్తుంది. బోనస్ పడి ఉంటుంది, లేదంటే ట్యాక్స్ రిఫండ్ అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చి ఉంటుంది. "అన్నా, రెండు వేలు చేతిలో ఉన్నాయి. ఏ గన్ తీసుకోమంటావ్?" మోడల్ పేరు ఒక్కటి చెబితే చాలు, శనివారం పొద్దున్నే షాపు తలుపు తీయకముందే వాళ్లు అక్కడుంటారు.

నేను పేరు చెప్పను. గన్ ఎంచుకోవడంలో మోడల్ పేరు చిట్టచివరి మెట్టు. దానికి ముందున్న మెట్లు ఎక్కినవాళ్లకు ఆ పేరు దానంతటదే తేలిపోతుంది. ఆ మెట్లే వరసగా కింద రాశాను. నేనుండేది డాలస్ పక్కన కాబట్టి రాష్ట్ర చట్టం సంగతి వచ్చినప్పుడు టెక్సాస్ ఎక్కువ కనిపిస్తుంది. ఫెడరల్ చట్టం మాత్రం ఎక్కడున్నవాళ్లకైనా ఒకటే.

1. ముందు మీ కాగితాలు చూసుకోండి

మనవాళ్లలో సగంమంది ఇక్కడే తప్పు చేస్తారు, అదీ తెలియక.

హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4, బి-2: ఇవన్నీ నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాలు. వీటి మీద వచ్చినవాళ్లు గన్ గానీ తూటాలు గానీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటివాళ్లకు అందుబాటులో ఉండేది ఒకటే: అమెరికాలో ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. టెక్సాస్‌లో ఆ లైసెన్సు ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1న మీ బీరువాలో గన్ ఉండి, కొత్త లైసెన్సు లేకపోతే మీరు తప్పులో ఉన్నట్టే.

"దగ్గర ఉంచుకోవడం" అంటే కొనుక్కోవడం ఒక్కటే కాదు. షూటింగ్ రేంజ్‌లో అద్దె గన్ పట్టుకున్నా అదే లెక్క. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి సరదాగా నాలుగు రౌండ్లు కాల్పించి, వాట్సాప్‌లో ఫొటో పెట్టే కొడుకులను చూశాను. విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి చేతిలో గన్ ఉన్న ఫొటోను తేదీతో సహా మనమే సాక్ష్యంగా దాచి పెట్టుకుంటున్నాం.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: తుపాకీ చట్టం కింద శిక్ష పడితే, గ్రీన్‌కార్డు ఉన్నా దేశం నుంచి పంపేయడానికి అది కారణమవుతుంది. పౌరుడికి జరిమానాతో పోయేది మనకు ఇల్లూ ఉద్యోగం వదులుకునేదాకా రావచ్చు. గ్రీన్‌కార్డు దరఖాస్తు మధ్యలో ఉన్నవాళ్లు, ఈఏడీ (పని అనుమతి కార్డు) చేతిలో ఉన్నవాళ్లు వకీలును అడగకుండా అడుగు వేయొద్దు.

చూసుకోవాల్సినవి:

- వయసు: లైసెన్సున్న డీలరు దగ్గర పిస్టల్‌కి 21 నిండాలి, రైఫిల్‌కీ షాట్‌గన్‌కీ 18.
- డ్రైవింగ్ లైసెన్సు మీద ఇప్పుడుంటున్న ఇంటి చిరునామా ఉందా? ఇల్లు మారి మార్పించుకోకపోతే కౌంటర్ దగ్గరే ఆగిపోతారు.
- లైసెన్సు మీదా గ్రీన్‌కార్డు మీదా పేరు ఒకేలా ఉందా? మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటాయి. ముందే సరిచేయించుకోండి.
- గృహహింస కేసులో శిక్ష పడి ఉంటే, అది చిన్న నేరం కింద నమోదైనదే అయినా, కొనకూడదు.
- గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ లెక్కలో కాదు. కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారంలో ఆ ప్రశ్న నేరుగా ఉంటుంది.
- రాష్ట్రం: ఇల్లినాయ్‌లో ఫాయిడ్ కార్డు (గన్ యజమాని గుర్తింపు కార్డు), న్యూజెర్సీలో కొనుగోలు కార్డూ ప్రతి పిస్టల్‌కీ విడి పర్మిటూ, కాలిఫోర్నియాలో పరీక్ష రాసి తెచ్చుకునే సర్టిఫికెట్టూ పది రోజుల నిరీక్షణా. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండి టెక్సాస్ ఫ్రిస్కో స్నేహితుడి సలహా పాటిస్తే కుదరదు.

2. ఇంట్లో మాట్లాడండి, ఆ తర్వాత పది రోజులు ఆగండి

భార్యకో భర్తకో చెప్పకుండా గన్ కొనడం క్రెడిట్ కార్డు దాచినట్టు కాదు. ఆ ఇంట్లో నిద్రపోయే ప్రతివాళ్లకూ అందులో మాట ఉంది. ఎదుటివాళ్లు వద్దంటే ఎందుకు వద్దంటున్నారో వినండి. చాలాసార్లు అది తాళం గురించిన భయమే. గన్ దాచే తాళం పెట్టె చూపించి, క్లాసుకు ఇద్దరూ కలిసి వెళ్తే తీరిపోతుంది. కొన్నిసార్లు తీరదు. అప్పుడు ఆ డబ్బు ఇంకోదానికి పెట్టండి.

ఇంట్లో ఎవరైనా మనసు బాగోలేక కుంగిపోయి ఉంటే, ఆ ఎవరైనా మీరే అయినా, ఇది కొనే సమయం కాదు. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉన్న గన్‌ను కూడా కొన్నాళ్లు బయట భద్రపరచండి. మాట్లాడటానికి 988 నంబరు రోజంతా పనిచేస్తుంది.

పది రోజులు ఎందుకంటే, చేతికొచ్చిన డబ్బు మొదటి వారం మన చేత ఆలోచనలు చేయించదు, ఖర్చులు చేయిస్తుంది. పైగా బోనస్ కాగితం మీద ఉన్నంత బ్యాంకులో ఉండదు. 22 శాతం ఫెడరల్ ట్యాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత పోగా మిగిలిందే మీది. లెక్క దాంతో మొదలుపెట్టండి.

3. డబ్బును ముందే విడగొట్టండి

గేదెను కొన్నాక పలుపుతాడుకు డబ్బుల్లేవంటే ఎలా ఉంటుందో, గన్ కొన్నాక పెట్టెకు డబ్బుల్లేవంటే అంతకన్నా అధ్వానం. చేతిలో 2,000 డాలర్లుంటే గన్‌కు అందులో మూడో వంతు దాటనివ్వను. మా ప్రాంతంలో నేను చూసే సుమారు ధరలతో ఒక లెక్క:

- మధ్యస్థం సైజు 9 ఎంఎం పిస్టల్: 550
- దాని మీద 8.25 శాతం సేల్స్ ట్యాక్స్: 45
- బోల్టులతో బిగించే స్టీల్ పెట్టె: 220
- చెవులకు, కళ్లకు రక్షణ: 90
- మొదటి క్లాసు: 150
- వెయ్యి తూటాలు, ఒక్కోటి 26 సెంట్ల చొప్పున: 260
- పదిసార్లు రేంజ్ రుసుము, 20 చొప్పున: 200
- శుభ్రం చేసే సామాను: 35

మొత్తం 1,550. మిగిలిన 450లో ఓ వంద కొనకముందు అద్దె గన్‌లు కాల్చి చూడటానికి పోతుంది. మిగతాది ముట్టుకోకండి. మూడు నెలలకు అదనపు మ్యాగజైనో (తూటాలు నింపే డబ్బా), చత్వారం వచ్చినవాళ్లకు రెడ్ డాటో (గురిని ఎర్ర చుక్కగా చూపే అద్దం) కావాలనిపిస్తుంది.

ఆన్‌లైన్‌లో 60 డాలర్లు తక్కువకు దొరికిందని మురిసిపోయే ముందు చూసుకోండి: అది మీ ఇంటికి రాదు, స్థానిక డీలరు దగ్గరికే వస్తుంది. ఆయన బదిలీ రుసుము 25 నుంచి 50 దాకా తీసుకుంటాడు. పైన షిప్పింగ్. లాభం కాఫీ ఖర్చులకే సరి.

4. పని ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి

ఫోన్‌లో కాదు, కాగితం మీద. "వారానికోసారి కాగితం మీద గురి చూసి కాల్చాలి." "అబ్బాయికి పదేళ్లు, వాడికి పద్ధతిగా నేర్పాలి." "నవంబరులో స్నేహితులతో జింక వేటకు వెళ్లాలి." "ఇంటి రక్షణకు."

వాక్యంలో "ఇంకా" అనే మాట వచ్చిందంటే రెండు గన్‌ల వాక్యం రాశారన్నమాట. ఒకదాన్ని కొట్టేయండి. అన్నిటికీ పనికొచ్చేది కావాలనుకున్నవాళ్లు దేనికీ సరిగా పనికిరానిది కొని తెస్తారు.

ఇప్పటికే ఒక గన్ ఉన్నవాళ్లకు వేరే ప్రశ్న: గడిచిన ఏడాదిలో దానితో కనీసం 500 తూటాలు కాల్చారా? లేదంటే కొత్తది అక్కర్లేదు. ఆ డబ్బు తూటాలకూ క్లాసుకూ పెట్టండి. ఈ మాటకు నాతో పోట్లాడినవాళ్లున్నారు. నా మాట మార్చలేదు.

5. పనిని బట్టి రకం

*గురి నేర్చుకోవడానికి, పిల్లలకు నేర్పడానికి:* పాయింట్ 22 ఎల్‌ఆర్ అనే చిన్న తూటా కాల్చే రైఫిల్. వెనక్కి తన్నదు, చప్పుడు తక్కువ, తూటా చవక. రూగర్ 10/22 1964 నుంచి వస్తోంది, దాని విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. పిల్లలతో అయితే ఒక్కో తూటాకూ బోల్టు లాగాల్సిన రైఫిల్ మేలు. సీజెడ్ 457, సావేజ్ వాళ్ల 22లు చూడండి. బోల్టు లాగే ఆ రెండు సెకన్లలో పిల్లవాడు ఆలోచిస్తాడు. మీ వాక్యం ఏదైనా సరే, సందేహం ఉంటే 22తోనే మొదలుపెట్టండి. దీని వల్ల నష్టపోయినవాళ్లను నేను చూడలేదు.

*పిస్టల్ కావాలంటే:* 9 ఎంఎం, మధ్యస్థం సైజు. గ్లాక్ 19 లాంటిది కొలతగా పెట్టుకోండి: నాలుగు అంగుళాల బ్యారెల్, 15 తూటాల మ్యాగజైన్. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ, సీజెడ్ పీ-10 సీ, వాల్తర్ పీడీపీ అన్నీ ఆ కోవలోవే. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటిచోట్ల మ్యాగజైన్‌కు పది తూటాలే హద్దు. కాలిఫోర్నియాలో రాష్ట్రం ఆమోదించిన జాబితాలో లేని మోడల్‌ను డీలరు కొత్తగా అమ్మలేడు.

చిన్న పిస్టల్ సులువు అనుకోవడం మనందరి భ్రమ. నా మొదటి బోనస్‌తో కొన్నది అరచేతిలో ఇమిడిపోయేది. షాపులో పట్టుకుంటే ముచ్చటేసింది. రేంజ్‌లో మూడో మ్యాగజైన్‌కి బొటనవేలి మొదట్లో చర్మం కమిలింది, ఐదో మ్యాగజైన్‌కి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటున్నాను. బరువు తక్కువైనకొద్దీ తన్ను ఎక్కువ. నాలుగు నెలలకు అమ్మేశాను, పెట్టినదాంట్లో అరవై శాతం వచ్చింది.

*మట్టి పళ్లేలు ఎగరేసి కొట్టే ఆటకు:* షాట్‌గన్. గేజ్ అంటే బ్యారెల్ వెడల్పు కొలత, అంకె పెరిగితే వెడల్పు తగ్గుతుంది. 12 గేజ్ తూటాలు తేలిగ్గా, చవగ్గా దొరుకుతాయి. 20 గేజ్ భుజానికి కాస్త హాయి. ముందు పిడిని చేత్తో లాగి తూటా ఎక్కించే పంప్ కావాలంటే మాస్‌బర్గ్ 500 సేఫ్టీ మీటను చూడండి. వెనక, పైన, బొటనవేలి కింద ఉంటుంది కాబట్టి ఎడమచేతివాటం వాళ్లకు ఇబ్బంది లేదు. భుజం నొప్పి గురించి భయముంటే గ్యాస్‌తో నడిచి, తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే సెమీ ఆటో కొంచెం ఖరీదైనా తన్ను తగ్గిస్తుంది.

20 గేజ్ తూటాను, 12 గేజ్ తూటాను ఒకే సంచిలో ఎప్పుడూ వేయకండి. చిన్నది పెద్ద బ్యారెల్‌లోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది, వెనక ఇంకోటి పెట్టి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. 20 గేజ్‌కి పసుపు రంగు వేసేది అందుకే.

*వేటకు:* 308 లేదా 6.5 క్రీడ్‌మూర్ సైజు తూటా కాల్చే బోల్టు రైఫిల్. రూగర్ అమెరికన్, టిక్కా టీ3ఎక్స్ లాంటివి. రైఫిల్ మీద బిగించే దుర్భిణికి కూడా రైఫిల్ ఖరీదులో సగమైనా పెట్టాలి. టెక్సాస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుది, కాబట్టి వేటకు చోటు దొరకడమే రైఫిల్ కన్నా పెద్ద ఖర్చు. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి.

*ఇంటి రక్షణకు:* ఎక్కువమంది ఇదే చెబుతారు, తక్కువమంది దీని గురించి ఆలోచిస్తారు. ఇక్కడి లోపలి గోడ మన ఊళ్లో ఇటుక గోడ కాదు, రెండు జిప్సం పలకలు. 9 ఎంఎం తూటా అలాంటి గోడలు వరసగా దాటిపోతుంది. మీ పడకగది గుమ్మంలో నిలబడి, ఏ గోడ వెనక పిల్లల మంచం ఉందో ముందు చూడండి. షాట్‌గన్‌కి గురి అక్కర్లేదన్న మాట కూడా నమ్మకండి. గది దూరంలో గుళ్లు కొన్ని అంగుళాలే విచ్చుకుంటాయి. మంచి తాళాలు, గుమ్మం ముందు దీపం, అలారం ముందు పెట్టించండి. తర్వాత గన్.

*ఏఆర్-15:* సైన్యపు రైఫిల్ పోలికతో ఉండే సెమీ ఆటో రైఫిల్ ఇది. పై వాక్యాల్లో దేనికీ మొదటి గన్‌గా నేను దీన్ని చెప్పను. కొనేటట్లయితే మీ రాష్ట్రంలో నిషేధం ఉందేమో చూడండి. బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో చదవండి. 5.56 అని ఉంటే 223 తూటా కూడా వేయొచ్చు, 223 అని మాత్రమే ఉంటే 5.56 వేయకూడదు.

6. తూటాల లెక్క వేయండి

నెలకు రెండుసార్లు రేంజ్‌కి వెళ్లి వందేసి కాలిస్తే ఏడాదికి 2,400. పాయింట్ 22 ఒక్కోటి 8 సెంట్లనుకుంటే 192 డాలర్లు. 9 ఎంఎం 26 సెంట్లకు 624. 308 ఒక్కోటి డాలరు, అంటే 2,400, చాలా రైఫిళ్ల ధర కన్నా ఎక్కువే. ఈ అంకె చూశాకే చాలామంది వాక్యం మార్చి రాసుకుంటారు, మంచిదే.

అలవాటు లేని సైజు మీద మోజు పడేముందు దగ్గర్లోని మూడు షాపుల్లో ఆ తూటా అరలో ఉందో లేదో చూసి రండి. 2020లో అరలు ఖాళీ అయినప్పుడు 9 ఎంఎంకే నెలల తరబడి తిరిగాం.

7. అద్దెకు తీసుకుని కాల్చి చూడండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటిస్తానంటే ఇది పాటించండి. షాపు అద్దాల బల్ల ముందు పట్టుకుంటే అన్నీ బాగుంటాయి. కాలిస్తేనే తెలుస్తుంది.

సొంత గన్ లేకుండా ఒంటరిగా వచ్చినవాళ్లకు చాలా రేంజ్‌లు అద్దెకివ్వవు. అది అనుమానం కాదు, ఆత్మహత్యలు ఆపడానికి పెట్టుకున్న నియమం. కొనే అర్హత ఉన్న స్నేహితుడితో వెళ్లండి. ఇండోర్ రేంజ్‌లో చాలాచోట్ల మీ తూటాల్లో స్టీలు ఉందేమోనని అయస్కాంతం పెట్టి చూస్తారు, అంటుకుంటే లోపలికి రానివ్వరు.

ముందు ఇంట్లోనే ఒక పని: రెండు అరచేతులు చాపి మధ్యలో చిన్న త్రికోణం చేసి, దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి చూడండి. ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం అక్కడే ఉందో అది మీ బలమైన కన్ను. కుడిచేతి వాటం, ఎడమ కన్ను బలం అయితే బోధకుడికి మొదటే చెప్పండి.

ఒక్కో గన్‌తో 50 తూటాలు. ఏడు గజాల దూరంలో తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటు, మన ఫంక్షన్లలో వాడేదే. మొదటి నలభై లెక్కలోకి తీసుకోకండి. చేయి అలసిన తర్వాత చివరి పది ఎక్కడ పడ్డాయో చూడండి. ప్రతి గన్‌కీ ఒక కాగితం రాయండి:

- ఖాళీ గన్ స్లైడ్‌ను (పైన వెనక్కి జరిగే భాగం) వరసగా ఐదుసార్లు లాగగలిగానా? (భార్యాభర్తలిద్దరూ వాడేదైతే ఇద్దరూ లాగాలి.)
- చూపుడువేలి మొదటి కణుపు మీది కండ ట్రిగ్గర్ మీద సరిగ్గా ఆనిందా, లేక వేలు సాగదీయాల్సి వచ్చిందా?
- మ్యాగజైన్ నిండా తూటాలు నేనే నింపగలిగానా?
- ముందు గురిపుల్ల స్పష్టంగా కనిపించిందా? నలభై దాటినవాళ్లకు ఇది పెద్ద ప్రశ్న. కనిపించకపోతే రెడ్ డాట్ బిగించే వీలున్న మోడల్ చూడండి.
- చివరి పదిలో ప్లేటులో పడినవి ఎన్ని?
- మళ్లీ ఇంకో 50 కాల్చాలనిపించిందా?

చివరి ప్రశ్నకే నేను ఎక్కువ మార్కులిస్తాను. మా పక్కవీధి దంపతులు నాలుగు పిస్టల్స్ కాల్చారు. ఆయన మనసు పడ్డదానితో ఆమెకు పదిలో మూడు పడ్డాయి, ఆమె ఎంచుకున్నదానితో ఇద్దరికీ తొమ్మిదేసి. ఏది కొన్నారో చెప్పక్కర్లేదు.

8. గన్ కన్నా ముందు పెట్టె ఇంట్లోకి రావాలి

గన్ కొన్నాక పెట్టె ఆర్డర్ చేస్తే అది వచ్చేదాకా గన్ బట్టల మడతల్లో ఉంటుంది. ఊరి నుంచి అత్తగారో అమ్మో వచ్చి, ఊరికే కూర్చోలేక అల్మరాలు సర్దే ఇళ్లు మనవి. పిల్లలకు బీరువా పైఅర అందదనుకోకండి, స్టూలు వేసుకుని చాక్లెట్లు తీసినవాళ్లే వాళ్లు.

- పెట్టె గోడ కట్టెకో నేలకో బోల్టులతో బిగించి ఉండాలి. బిగించనిది దొంగకు పిడి ఉన్న సూట్‌కేసు.
- పిల్లలుంటే గన్ ఖాళీగా తాళంలో, తూటాలు వేరే తాళంలో.
- కోడ్ పిల్లల పుట్టినరోజు కాకూడదు. అదే వాళ్లు మొదట నొక్కి చూసేది.
- టెక్సాస్‌లో తూటాలు నింపిన గన్‌ను నిర్లక్ష్యంగా ఉంచి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే నేరం.
- ఇంట్లో దిగిన హెచ్-1బి బావమరిదికి కోడ్ చెప్పకండి. తాళం తీయగలిగినవాడి దగ్గరే గన్ ఉన్నట్టు చట్టం లెక్కేయొచ్చు.

9. కొనే రోజు, కౌంటర్ దగ్గర

1. గన్ చూపించమన్నాక, అమ్మే మనిషి చాంబర్ (కాలేముందు తూటా కూర్చునే చోటు) ఖాళీ అని చూపించినా సరే, మళ్లీ మీరు చూడండి. మొహమాటం వద్దు, వాళ్లే మెచ్చుకుంటారు.

2. కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ ఫారం 4473. దాన్ని తాపీగా నింపండి. గ్రీన్‌కార్డు వాళ్లు కార్డు మీదున్న ఏ-నంబరు రాయాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పనిసరి కాదు గానీ, రాస్తే అదే పేరున్న ఇంకొకరితో పొరబడే అవకాశం తగ్గుతుంది.

3. "ఈ గన్ నిజంగా కొంటున్నది మీరేనా" అన్న ప్రశ్న దగ్గర ఆగండి. వీసా మీదున్న మిత్రుడు డబ్బులిచ్చి "నీ పేరు మీద తీసుకో" అంటే అది స్ట్రా కొనుగోలు. పదిహేనేళ్ల దాకా శిక్ష ఉంది. మీ డబ్బుతో, కొనే అర్హత ఉన్న తమ్ముడికి కానుకగా ఇవ్వడం వేరు, అది తప్పు కాదు.

4. డీలరు ఎఫ్‌బీఐ తనిఖీకి పంపుతాడు. సాధారణంగా నిమిషాల్లో జవాబు వస్తుంది. "ఆలస్యం" అని వస్తే కంగారొద్దు, కాదన్నట్టు కాదు. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే ఇవ్వాలా వద్దా అన్నది డీలరు ఇష్టం; 21 లోపువాళ్లకు ఈ గడువు ఇంకా ఎక్కువ. ప్రతిసారీ ఆలస్యమవుతుంటే ఎఫ్‌బీఐ స్వచ్ఛంద ఫైలుకు దరఖాస్తు చేసి యూపిన్ నంబరు తెచ్చుకోండి, ఫారంలో దానికో గడి ఉంది. టెక్సాస్ క్యారీ లైసెన్సు (గన్ వెంట పెట్టుకుని తిరిగేందుకు ఇచ్చేది) ఉన్నవాళ్లకు ఈ తనిఖీ ఫోన్ అక్కర్లేదు, ఫారం మాత్రం తప్పదు.

5. సీరియల్ నంబరు, రసీదు ఫొటో తీసుకోండి. ఇంటి బీమాలో గన్‌ల దొంగతనానికి విడిగా పరిమితి ఉంటుంది, ఎంతో కనుక్కోండి.

6. ఇంటికి తెచ్చేటప్పుడు ఖాళీగా, పెట్టెలో, డిక్కీలో.

పాతది కొంటుంటే అదనంగా: విప్పి బ్యారెల్‌లోంచి వెలుతురు చూడండి. లోపల గుంటలు పడిన తుప్పు ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. సీరియల్ నంబరు గీకినట్టుంటే చేయి కూడా వేయకుండా బయటికి రండి. టెక్సాస్‌లో ఇద్దరు స్థానికులు డీలరు లేకుండా అమ్ముకోవచ్చు గానీ, ఆ 30 డాలర్లు పెట్టి డీలరు ద్వారానే రాయించుకోమంటాను.

10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

*తగ్గింపు ఉందని కొనేశారు.* మీ వాక్యానికి అది సరిపోతుందా? లేదంటే కాల్చకుండా అమ్మేయండి, కాల్చని, ప్యాకింగ్‌లోనే ఉన్న గన్‌కు వచ్చినంత ధర వాడినదానికి రాదు.

*తూటాలు కింద, ఎడమకు పడుతున్నాయి.* కుడిచేతి వాళ్లకు ఇది గన్ తప్పు కాదు, చప్పుడుకు ముందే చేయి బిగుసుకోవడం. గురిపుల్లలు తిప్పకండి. ఎవరినైనా మీ మ్యాగజైన్‌లో మీకు తెలియకుండా ఒక డమ్మీ తూటా కలపమనండి. అది వచ్చినప్పుడు గన్ ముక్కు కిందికి పోతే జబ్బు దొరికినట్టే.

*ఇంట్లో ఖాళీ గన్‌తో సాధన చేస్తూ పొరపాటు.* తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. సాధన అయిపోయాక "ఇంకొక్కసారి" అన్నదే ప్రమాదం. చాలా 22లను ఖాళీగా కొడితే చాంబర్ అంచు దెబ్బతింటుంది, ముందు మాన్యువల్ చూడండి.

*చెవులకు దూది పెట్టుకున్నారు.* ఇండోర్‌లో లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ కావాలి. పోయిన వినికిడి తిరిగి రాదు.

*రేంజ్‌లో జంతికలు తిన్నారు.* అక్కడి దుమ్ములో సీసం ఉంటుంది. చల్లటి నీళ్లు, సబ్బుతో చేతులు, మొహం కడుక్కోండి. చెప్పులు బయట విప్పే అలవాటు ఇక్కడ మనల్ని కాపాడుతుంది. పసిబిడ్డను ఎత్తుకునే ముందు చొక్కా కూడా మార్చండి.

*దసరాకు ఆయుధ పూజ చేసి స్లైడ్ మీద పసుపు కుంకుమ పెట్టారు.* ఆ పొడి లోపలికి దిగి నూనెతో ముద్దయిపోతుంది. ఖాళీ చేసి, పెట్టె మీద బొట్టు పెట్టండి, అమ్మవారు ఏమీ అనుకోదు.

11. ఇండియా ప్రయాణం ఉంటే

రేంజ్‌కి వాడిన బ్యాగును ప్రయాణానికి వాడకండి. ఎప్పటికీ. కుట్టు మడతలో ఇరుక్కున్న ఒక్క తూటా ఇక్కడి స్కానర్‌కు దొరికితే జరిమానా. దొరక్కుండా దాటిపోయి శంషాబాద్‌లోనో, మరో ఊరికి మారే విమానం దగ్గరో దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. "తెలియదు సార్" అని నిరూపించుకోవడానికి వకీలు, కోర్టు, వాయిదాలు. నెలరోజుల సెలవు అక్కడే కరిగిపోతుంది. కాల్చేసిన ఖాళీ గుల్లలు కూడా పిల్లలకు చూపిద్దామని తీసుకెళ్లకండి.

నేను రేంజ్ బ్యాగు కొన్నప్పుడే ముదురు నారింజ రంగుది తీసుకున్నాను. మా ఆవిడ పొరపాటున కూడా అందులో చీరలు సర్దదు.